మూడింటిలో ఏది వదులుకోవాలని అడిగిన అమ్మాయికి

న్యూయార్క్‌లో ఒక నాట్యబృందంలో పనిచేస్తున్న 22 ఏళ్ల అమ్మాయి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ, బృందం వివరాలూ బయటపెట్టవద్దని కోరారు కనుక ఆమె రాసిన విషయాన్ని క్లుప్తంగా ఇక్కడ చెబుతాను.

ఆమె తాతగారు 1980లలో హైదరాబాదులో ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’లో, అంటే లోకం మోర్మన్ సంఘమని పిలిచే సంఘంలో, బాప్తిస్మం తీసుకున్నారు. ఆమెకు ఆరేళ్లప్పుడు తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం అమెరికాలోని యూటా రాష్ట్రానికి వెళ్లి స్థిరపడింది. చుట్టాలు వస్తే కాఫీకి బదులు బాదంపాలు ఇచ్చే ఇల్లు, ఆదివారం బజారుకు వెళ్లని ఇల్లు, రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని మోర్మన్ గ్రంథం చదివే ఇల్లు అని రాశారు. చిన్నతనంలోనే బ్యాలే మొదలుపెట్టి, శని ఆదివారాల్లో శనివారం మాత్రం ఒక తెలుగు గురువుగారి దగ్గర కూచిపూడి కూడా నేర్చుకున్నారు. యూనివర్సిటీ ఆఫ్ యూటాలో నాట్యంలో పట్టా పుచ్చుకుని నిరుడు న్యూయార్క్ చేరి, ఒక చిన్న సమకాలీన నాట్యబృందంలో అప్రెంటిస్‌గా పనిచేస్తున్నారు. ఇప్పుడు ఆ బృందం ఆమెకు పూర్తి సభ్యత్వంతో వచ్చే సీజనుకు కాంట్రాక్టు ఇచ్చింది. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ప్రదర్శనలుండే ప్రతి వారంలోనూ ఆదివారం మ్యాటినీ ఉంటుంది. కొత్త రచనలో ఆమెకు దక్కిన యుగళనృత్యంలో పలుచని చర్మపు రంగు దుస్తులు వేసుకోవాలి, భాగస్వామి ఆమె కంఠం కింది ఎముక మీద నుదురు ఆనించి అలాగే పైకెత్తి తిప్పాలి.

ఈ మధ్యనే రంగస్థలానికి దీపాలు అమర్చే పనిచేసే ఒక యువకుడితో ఆమెకు ప్రేమ ఏర్పడింది. అతడిది ఒహాయోలోని కేథలిక్ కుటుంబం, తాను చర్చికి వెళ్లడు. పెళ్లి దాకా శారీరక సంబంధం వద్దన్న ఆమె మాటను అతడు మన్నిస్తున్నాడు. కానీ ఒక రాత్రి ఇద్దరూ ఆ గీత దాటబోయి ఆగారు. అప్పటి నుంచి ఆదివారం ఆరాధనలో ఆమె వెనుక వరుసలో కూర్చుంటున్నారు. రొట్టె పళ్లెం చేతికి వచ్చినప్పుడు తాను ముక్క తీసుకోకుండా పక్కవారికి అందిస్తున్నారు. ‘ఆగమంటే ఆగుతాను, కానీ ఎప్పటి దాకానో నువ్వే చెప్పలేకపోతున్నావు, పైగా పెళ్లి మీ దేవాలయంలో జరిగితే మా అమ్మను లోపలికి రానివ్వరట కదా’ అని అతడు అడిగిన ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. ఇంటి దగ్గర తల్లి, కూతురు 18 నెలల మిషనరీ సేవకు వెళ్లాలనీ, లేదంటే తమ వార్డులోనే, అంటే తమ ప్రాంతపు స్థానిక సంఘంలోనే, మిషన్ ముగించుకొని వచ్చిన ఒక మంచి అబ్బాయిని చేసుకోవాలనీ ఆశపడుతున్నారు. అబ్బాయి సంగతీ, ఆదివారం ప్రదర్శనల సంగతీ ఆ తల్లికి తెలియవు. ఫోన్ చేసినప్పుడల్లా థియేటర్ మెట్ల మీద నిలబడి ‘రిహార్సల్లో ఉన్నానమ్మా’ అని చెబుతున్నానని రాశారు. చివరికి ఆమె అడిగిన ప్రశ్న ఇది: ‘విశ్వాసం, ప్రేమ, నాట్యం, ఈ మూడింటిలో ఒకటి వదిలితే మిగిలిన రెండూ నిలుస్తాయని అనిపిస్తోంది. ఏది వదలాలి?’

అమ్మాయీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక విషయం చెప్పాలి, నేను మీ సంఘానికి చెందినదాన్ని కాను. మీ నమ్మకం తప్పో ఒప్పో తేల్చడం నా పని కాదు. మీరు దానిలోనే ఉండాలనుకుంటున్నారని ఉత్తరమంతా చెబుతోంది కనుక, ఆ కోరికను నిజమని పట్టుకునే మాట్లాడతాను.

మీరు మూడు వేర్వేరు ప్రశ్నలను ఒక్క ముడిగా వేసి, ఆ ముడిని కాంట్రాక్టు గడువుకు కట్టేశారు. నిజానికి గడువు ఉన్నది కాంట్రాక్టుకు ఒక్కదానికే. పెళ్లికి గడువు లేదు. మిషన్‌కు లేదు. నెలాఖరులోగా మీ జీవితమంతా తేల్చుకోవాలన్న భయం వల్ల, ఈ నెలలో తేలవలసిన చిన్న ప్రశ్న కూడా కొండంత అయి కూర్చుంది. ఇంకొక మాట కూడా చెప్పనివ్వండి: మీరు రాసిన బాధలో ఎక్కువ భాగం ఈ మూడింటి మధ్య ఘర్షణ నుంచి వచ్చినది కాదు, దాచడం నుంచి వచ్చినది. తల్లి దగ్గర ఒక ముఖం, ఆ అబ్బాయి దగ్గర ఇంకొకటి, ఆరాధనలో వెనుక వరుసలో మరొకటి పెట్టుకుని ఎవరూ ఎక్కువ కాలం నాట్యం చేయలేరు.

మొదట నాట్యం సంగతి. నాట్యమే మీ విశ్వాసానికి ఎదురుగా నిలబడిందని మీరు అనుకుంటున్నట్టు అనిపించింది, అందుకే మీ సంఘ చరిత్రనే గుర్తుచేస్తాను. 1847 జనవరిలో, పడమటికి వలస వెళుతూ దారిలో చలికాలం గడుపుతున్న మీ పూర్వికులకు అప్పటి సంఘ నాయకుడు బ్రిగమ్ యంగ్ వినిపించిన ప్రకటనలో, మనసు సంతోషంగా ఉంటే పాటతో, సంగీతంతో, నాట్యంతో ప్రభువును స్తుతించమని ఉంది. అది నేటికీ మీ లేఖనాల్లో భాగమే. వారు యూటాలోని సాల్ట్ లేక్ లోయ చేరిన కొద్ది సంవత్సరాలకే, 1853 జనవరిలో, నాటకాలకూ నాట్యానికీ సోషల్ హాల్ అని ఒక భవనం ప్రారంభించుకున్నారు. మీరు చదివిన విశ్వవిద్యాలయంలో బ్యాలే విభాగాన్ని 1951లో మొదలుపెట్టిన విల్లమ్ క్రిస్టెన్‌సెన్ యూటాలోని బ్రిగమ్ సిటీలో మోర్మన్ కుటుంబంలో పుట్టినవారు. 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికాలోనే మొదటిసారిగా ‘నట్‌క్రాకర్’ను పూర్తి నిడివితో ప్రదర్శించినదీ ఆయనే. తరువాత బ్యాలే వెస్ట్ సంస్థగా ఎదిగినదీ ఆయన చేతి మీద మొలిచిన బృందమే.

మన వైపు చూస్తే పరిస్థితి ఇందుకు భిన్నం. కూచిపూడి అగ్రహారంలో స్త్రీ పాత్రలు కూడా మగవారే కట్టేవారు. మర్యాదస్థుల ఇంటి ఆడపిల్ల గజ్జె కట్టడమేమిటన్న మాట మన అమ్మమ్మల కాలంలో గట్టిగానే వినిపించేది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు, ఆ తరువాత 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యంగారు ఆడపిల్లలకు నేర్పబట్టే మీలాంటివారి దాకా ఆ విద్య వచ్చింది. మీ అమ్మగారి భయంలో కొంత సంఘం నుంచి వచ్చి ఉండవచ్చు, కొంత ఈ పాత తెలుగు భయం నుంచి వచ్చి ఉండవచ్చు. ఆవిడతో మాట్లాడేటప్పుడు ఏది ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే రెండింటికీ జవాబులు వేరు.

కనుక నాట్యం చేయవచ్చా అన్నది మీ ముందున్న ప్రశ్న కాదు. ఆదివారం చేయవచ్చా, ఈ యుగళనృత్యం చేయవచ్చా అన్నవే ప్రశ్నలు.

ఆదివారం విషయంలో మీ సంఘం ఈ మధ్య ఏం చేయవచ్చు, ఏం చేయకూడదన్న జాబితాలు తగ్గించి, ఆ రోజును దేవునికి గుర్తుగా ఎలా నిలుపుకోవాలో నిర్ణయించుకోవడం సభ్యుల మనస్సాక్షికే వదిలింది. 2022లో యువత కోసం వెలువరించిన మార్గదర్శి కూడా అదే ధోరణిలో ఉంది. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఉన్న కాంట్రాక్టును ఉన్నట్టే ఒప్పుకోవడం. 2019 నుంచి ఆదివారపు సమావేశాలు రెండు గంటలకు తగ్గాయి కనుక, మీ వార్డు ఉదయం కలిసేదైతే ఆరాధన ముగించుకొని మధ్యాహ్నం థియేటర్ చేరవచ్చు. దీనికి మీరు చెల్లించే మూల్యం ఏమిటంటే, ప్రదర్శనలున్న వారాల్లో ఆదివారం మీకు విశ్రాంతిదినం కాకుండా పోతుంది. అలా ఒక సీజను గడిచాక మీ ప్రార్థన ఎలా ఉంటుందో మీకు ఒక్కరికే తెలుస్తుంది.

రెండోది, మినహాయింపు అడగడం. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఆదివారం పనిచేయనన్న ఒక తపాలా ఉద్యోగి కేసులో, మతపరమైన సర్దుబాటును నిరాకరించాలంటే యజమానికి గణనీయమైన భారం పడుతుందని చూపించాలని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఈ సమాఖ్య చట్టం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది, న్యూయార్క్ రాష్ట్ర చట్టం అంతకంటే చిన్న సంస్థలకు కూడా వర్తిస్తుంది. అయితే పదిమంది నర్తకులున్న బృందంలో ఒకరు రాని మ్యాటినీ ఆ బృందానికి నిజంగానే భారం కావచ్చు. చట్టం పేరెత్తి మొదలుపెట్టిన సంభాషణ దర్శకుడి మనసులో చాలాకాలం మిగిలిపోతుంది. అందువల్ల ముందు చట్టం ఎత్తకుండా, కొన్ని ఆదివారాలకైనా మీ స్థానంలో మరొకరిని సిద్ధం చేయగలరా అని మర్యాదగా అడగండి. అడగకముందే కాదంటారని మీరు అనుకుంటున్నారు, ఉత్తరంలో ఎక్కడా అడిగినట్టు లేదు.

మూడోది కాంట్రాక్టు వదిలి ఆదివారం ఖాళీగా ఉండే పని వెతకడం, అంటే అధ్యాపకత్వమో, విశ్వవిద్యాలయ బృందమో, సాల్ట్ లేక్ సిటీకి తిరిగి వెళ్లడమో. అది ఓటమి ఏమీ కాదు. ఆ నగరంలో రిరీ వుడ్‌బరీ, రెపర్టరీ డాన్స్ థియేటర్ వంటి సమకాలీన బృందాలు 1960ల నుంచి నడుస్తున్నాయి. కానీ మీ ఉత్తరంలో న్యూయార్క్ గురించి రాసిన వాక్యాల్లో ఉన్న ఉత్సాహం యూటా గురించి రాసిన వాక్యాల్లో లేదు. 22 ఏళ్ల నర్తకి దేహానికి వచ్చే పదేళ్లూ ఎంత విలువైనవో మీకు నేను చెప్పనక్కరలేదు.

యుగళనృత్యం గురించి ఎక్కువ చెప్పను. స్పర్శ ఉన్నంత మాత్రాన నాట్యం అపవిత్రం కాదని బ్యాలే నేర్చిన మీకు తెలుసు. మిమ్మల్ని ఇబ్బందిపెడుతున్నది ఆ లిఫ్టా, ఆ దుస్తులా, లేక ఆ రచన చెప్పే కథా అన్నది విడదీసి చూసుకోండి. దుస్తులైతే వాటి కింద మరొక పొర అడగవచ్చు, మందమైన బట్ట అడగవచ్చు, రిహార్సల్ దశలోనే అడిగితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లిఫ్ట్ అయితే నుదురు భుజం మీద ఆనించే మార్పు కొరియోగ్రాఫర్ చేయగలరేమో అడగవచ్చు. కథే నచ్చకపోతే ఆ భాగం వేరేవారికి ఇవ్వమని చెప్పాలి, అప్పుడు మంచి పాత్ర ఒకటి చేజారుతుంది. దేవాలయంలో జరిగే ఎండౌమెంట్ అనే సంస్కారం ఇంకా తీసుకోలేదు కనుక, అది తీసుకున్నవారు బట్టల లోపల వేసుకునే గార్మెంట్ అనే పవిత్ర వస్త్రాన్ని ధరించే బాధ్యత మీకు ఇప్పుడు లేదు. రేపు తీసుకున్నా, అది ధరించి చేయడం వీలుకాని పనులకు దాన్ని తీయవచ్చునని మీ సంఘమే చెబుతుంది కనుక, ఆ ఒక్క కారణంగా నాట్యమా దేవాలయమా అని భయపడకండి.

ఇక ప్రేమ విషయం. ఇక్కడ నేను నెమ్మదిగా మాట్లాడాలి, ఎందుకంటే ఆదివారం విషయంలో మీ సంఘం వదిలిన వెసులుబాటు ఇక్కడ వదలలేదు. పవిత్రత నియమం స్పష్టంగా ఉంది. మీరు దాన్ని నిలుపుకోవాలనుకుంటున్నారు, అతడికీ చెప్పారు, అతడు మన్నించాడు. ఇంతవరకు మీ ఇద్దరి ప్రవర్తనలో నాకు సిగ్గుపడవలసినది కనిపించలేదు. గీత దాటబోయి ఆగినవారు ఆగినట్టే. ఆ రాత్రి తరువాత రొట్టె తీసుకోకుండా మీకు మీరే శిక్ష వేసుకున్నారు. అది మీ సంఘం వేసిన శిక్ష కాదు. మీ వార్డు బిషప్పును కలిసి మాట్లాడితే ఆ భారం ఒక అరగంటలో దిగిపోవచ్చు, లేదా కొంతకాలం ఆగమని ఆయన చెప్పవచ్చు. ఏదైనా సరే, వెనుక వరుసలో మీరే న్యాయమూర్తిగా, మీరే దోషిగా కూర్చోవడం కంటే మేలు. న్యూయార్క్ బిషప్పు దగ్గరికి వెళ్లడం యూటాలోని అమ్మగారికి చెప్పినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి, ఆ సంభాషణ ఆయన దగ్గరే ఉండవలసినది.

కానీ ఆ అబ్బాయి అడిగిన ‘ఎప్పటి దాకా’ అన్న ప్రశ్న న్యాయమైనది. దానికి మీరు తేదీ చెప్పనక్కరలేదు, మీరు ఏ పెళ్లి కోరుకుంటున్నారో చెప్పాలి. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి. మీ సంఘంలో పెళ్లి దేవాలయంలోనే జరగాలన్న నిర్బంధం లేదు. మీరు అతణ్ణి ఏ ఆఫీసులోనో, తోటలోనో, వార్డు భవనంలోనో చట్టప్రకారం పెళ్లి చేసుకుంటే, ఆ దాంపత్యం మీ పవిత్రత నియమానికి లోబడినదే, మీ సభ్యత్వానికి ఏ నష్టమూ రాదు, అతడి తల్లి మొదటి వరుసలో కూర్చోవచ్చు. కానీ దంపతులను నిత్యత్వానికి కట్టే ‘సీలింగ్’ అనే దేవాలయ సంస్కారం మాత్రం అతడు మీ సంఘంలో చేరి దేవాలయప్రవేశానికి అర్హుడైతేనే జరుగుతుంది. అతడు ఎన్నటికీ చేరకపోవచ్చు కూడా. ఒకప్పుడు అమెరికాలో సభ్యులు ముందు బయట పెళ్లి చేసుకుంటే సీలింగ్ కోసం ఏడాది ఆగవలసి వచ్చేది, 2019 మేలో ఆ నిబంధన తొలగించారు కనుక, ఒకవేళ అతడు స్వయంగా చేరినా సరే, రెండు వేడుకలు జరుపుకొని అతడి తల్లిని మొదటిదానికి పిలవవచ్చు. అతడు అడిగిన రెండో ప్రశ్నకు ఇది జవాబు. అతడికి చెప్పండి, బహుశా ఎవరూ చెప్పి ఉండరు.

అయితే ఇది తేలికైన దారి అని నేను అనను. ప్రతి ఆదివారం ఒంటరిగా ఆరాధనకు వెళ్లే భార్యగా మీరు ఉండగలరా? పిల్లలకు ఎనిమిదో ఏట బాప్తిస్మం విషయంలో అతడేమంటాడు? జీతంలో పదోవంతు సంఘానికి ఇవ్వడానికి, న్యూయార్క్ అద్దెల మధ్య, అతడు ఒప్పుకుంటాడా? ఈ మూడు ప్రశ్నలు ప్రేమ ముదరకముందే అడగండి. అతడి జవాబులు మీకు నచ్చకపోతే విడిపోవడం ఇప్పుడు బాధే, ఐదేళ్ల తరువాత అయితే ఇంతకు పదింతల బాధ. మీ మీద ప్రేమతో అతడు సంఘంలో చేరతానంటే మాత్రం సంతోషించే ముందు ఆగండి. మీ కోసం బాప్తిస్మం తీసుకున్న మనిషి, మీ ఇద్దరి మధ్య మొదటి పెద్ద గొడవ వచ్చిన రోజు మీ విశ్వాసాన్నే నిందిస్తాడు. చేరితే తన కోసం చేరాలి, ఎంతకాలం పట్టినా సరే. ఇంకొకటి, ఆగడం కష్టంగా ఉందని మాత్రమే తొందరపడి పెళ్లి చేసుకోకండి. మీ వయసువారు చాలామంది ఈ కారణంతోనే పెళ్లిళ్లు చేసుకుంటారని మీరే రాశారు.

అమ్మగారి విషయంలో ముందు ఒక సత్యం పట్టుకోండి. మీ సంఘంలో మిషనరీ సేవ యువకులకు బాధ్యతగా చెబుతారు, యువతులకు ఆహ్వానంగా చెబుతారు, వెళ్లకపోతే తప్పు అనరు. అందువల్ల మిషన్‌కు వెళ్లకపోవడం మీ విశ్వాసలోపం కాదు. మీకు నిజంగా వెళ్లాలని ఉంటే అది వేరే మాట, అప్పుడు 18 నెలలు శిక్షణ లేకుండా ఉన్న శరీరంతో తిరిగి వచ్చి మళ్లీ ఆడిషన్లకు నిలబడాలని తెలిసే వెళ్లండి. అలా వెళ్లి తిరిగి వచ్చి నాట్యం చేసినవారూ ఉన్నారు. కానీ అమ్మగారిని నొప్పించకుండా ఉండటానికో, ఆ అబ్బాయి నుంచి పారిపోవడానికో వెళితే మీతో పాటు అక్కడ మీ మాట వినేవారికి కూడా అన్యాయమే.

ఆవిడకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి? అబ్బాయితో జరిగినదంతా చెప్పనక్కరలేదు, అది మీది. కానీ అతడు ఉన్నాడని, మంచివాడని, సంఘం వాడు కాదని, ఆదివారం ప్రదర్శనలు ఉన్నాయని, మీరు సంఘం వదలడం లేదని, ఈ ఐదు మాటలూ మీ నోటితోనే ఆవిడ వినాలి. మరొకరి ఫేస్‌బుక్ ఫొటోలో చూడకూడదు. ఆవిడ ఏడుస్తారు, నాన్నగారికి ఫోన్ ఇస్తారు, తాను మీకు అనుకున్న వార్డు అబ్బాయి వాళ్ల అమ్మకు ఏం చెప్పాలని అడుగుతారు. ఆ చివరి ప్రశ్నకు మాత్రం మీరు జవాబుదారు కారు. ఒక మాట గుర్తుచేయవచ్చు. 1978 చివర్లో ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాదు వచ్చి తమ బంధువులకు ఆ సువార్త చెప్పిన నాటి నుంచి, 2012లో అదే నగరంలో భారతదేశంలోని మొదటి స్టేకు, అంటే కొన్ని వార్డులు కలిసిన విభాగం, ఏర్పడేదాకా, మీ తాతగారి తరం వారు తమ ఇంటివాళ్లు ఏమంటారో తెలిసి కూడా తాము నమ్మిన దారిన నడిచారు. ఆ తాతగారి మనుమరాలు తన మనస్సాక్షితో తాను నిర్ణయం తీసుకుంటే అది ఆ ఇంటికి కొత్త కాదు. దెబ్బలాటగా కాకుండా గౌరవంగా చెబితే, అమ్మగారు ఆ రోజు కాకపోయినా తరువాత ఎప్పుడో ఆలోచిస్తారు.

ఈ నెలలో చేయవలసినది వరుసగా చెబుతాను. దీనిలో మీకు తోచినదే ఉంచండి. ఈ వారంలో దర్శకుడి దగ్గరకు వెళ్లి ఆదివారాల గురించి, దుస్తుల గురించి, గాయమైతే జీతం, బీమా ఎలా ఉంటాయన్న దాని గురించి అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి. ఏ కాస్త వెసులుబాటు దొరికినా ఒక సీజనుకు ఒప్పుకోవడం వైపే నా మనసు మొగ్గుతోంది, ఎందుకంటే ఒక సీజను కాంట్రాక్టును మళ్లీ మార్చుకోవచ్చు. వెసులుబాటు ఏమీ దొరకకపోతే, ఆదివారాలన్నీ పోయినా ఒప్పుకుంటారా అన్న ప్రశ్నను ప్రార్థనలో పెట్టుకుని మీరే తేల్చుకోవాలి, అక్కడ నా మాటకు బరువు లేదు. సంతకం అయినా కాకపోయినా, ఆ తరువాత బిషప్పును, అబ్బాయిని, చివరిగా అమ్మగారిని కలవండి. అమ్మగారికి మాత్రం ఫోన్లో వద్దు, వీలైతే టికెట్ కొనుక్కుని వెళ్లి, రెండు రోజులు ఇంట్లో ఉండి చెప్పండి. పెళ్లి గురించి ఈ నెలలో ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి.